గాజుపెట్టెలో లేని బిళ్ళ

చేతికి దొరకని వస్తువును మించిన వస్తువు లోకంలో లేదని నా దృఢాభిప్రాయం! దొరికేది పగులుతుంది, తుప్పు పడుతుంది, పక్కింటివాళ్ళు అడిగి పట్టుకెళ్తారు. దొరకనిదానికి ఈ బెడదలున్నాయా? నమ్మనివాళ్ళు ఒక పరిశోధన సంస్థలో జరిగింది వినాలి.

అక్కడొక లెక్కలావిడ ఉంది. కంప్యూటర్లో పరమాణువులను అటూ ఇటూ జరిపి, ఏ ఆక్సైడ్ ఎలా ప్రవర్తిస్తుందో లెక్కగట్టడం ఆవిడ పని. అయస్కాంతగుణమూ, వోల్టేజీ పెడితే లోపలి ధన, ఋణ ఆవేశాల దిశ తిరగబడే గుణమూ సాధారణంగా ఒకే పదార్థంలో కాపురం చెయ్యవు. ఏళ్ళ తరబడి తల బద్దలుకొట్టుకుని, ఆ రెండూ సఖ్యంగా ఉండే ఆక్సైడ్ ఒకదాన్ని ఆవిడ తేల్చింది.

తేలగానే పక్కగదిలోని సీనియర్ శాస్త్రవేత్త దగ్గరికి పరుగెత్తింది. సంస్థంతా ఆయన్ని కొలిమి బాబాయ్ అంటుంది. పొడులు కలిపి, బిళ్ళలుగా నొక్కి, కొలిమిలో కాల్చి, కంప్యూటర్ చెప్పింది నిజమో కాదో తేల్చేది ఆయనే. వెంటనే కాల్చి చూద్దామని ఇద్దరూ అనుకున్నారు.

ఈలోగా కబురు డైరెక్టరుగారి చెవిన పడింది. ఆయన పత్రికలవాళ్ళను పిలిచేశారు. ప్రదర్శనకు గది కావాలి కదా? కొలిమి పీకించి, దాని స్థానంలో గాజుపెట్టె పెట్టించారు. అందులో వెల్వెట్ గుడ్డ, పైన ఫోకస్ లైటు. గుడ్డ మీద? ఏమీ లేదు! జనం వంగి వంగి చూసి, ఎంత నాజూగ్గా ఉందోనని మెచ్చుకుని వెళ్ళారు.

ఒకరోజు ఊడ్చే ఆవిడ ఆ గుడ్డ తీసి దులిపింది. డైరెక్టరుగారు హడలిపోయి విచారణ కమిటీ వేశారు. ఎంత పోయిందో చెప్పమని లెక్కలావిడను పిలిపించారు.

"ఏమీ పోలేదండీ. అందులో అసలేమీ లేదు కదా," అంది ఆవిడ.

"అంటే మొత్తం పోయిందన్నమాట," అంటూ ఆయన కుర్చీలో కూలబడ్డారు.

కొలిమి తిరిగి పెట్టిస్తే నిజం బిళ్ళే కాల్చి ఇస్తామని ఆవిడ బతిమాలింది.

"కొలిమికి కరెంటు దండగమ్మా. దాన్ని కూడా నీ కంప్యూటర్లోనే పెట్టేసుకో," అన్నారు డైరెక్టరుగారు.

ఎంత ముందుచూపు! ఇప్పుడు లెక్కలావిడ కంప్యూటర్లో కొలిమి రాజేస్తోంది. బాబాయ్‌ని పెట్టెకు కాపలా వేశారు. ఎలా ఉన్నారని ఆవిడ దిగులుగా అడిగింది.

"కాల్చడానికి కొలిమి లేదు, కాపలా కాయడానికి బిళ్ళ లేదు. పని మాత్రం ఊపిరి సలపనివ్వడం లేదమ్మాయ్," అన్నాడాయన.

మొన్న చూడవచ్చిన ఒకాయన గాజుపెట్టెను వదిలేసి, బాబాయ్ చేతుల మీది కాలిన మచ్చలకేసి చాలాసేపు చూస్తూ నిలబడ్డాడట. సంగతి తెలిసి డైరెక్టరుగారు నొచ్చుకున్నారు. ఇకనుంచి పొడుగుచేతుల చొక్కా వేసుకుని రమ్మని బాబాయ్‌కి ఆర్డరు వెళ్ళింది.