మేరీమాత సాక్షిగా ఇంజను

ఆదివారం పొద్దున ఓస్మాని వేసుకున్న పథకం చిన్నదే. హవానా సముద్రపు గట్టు మీద జరిగే పాతకార్ల ఊరేగింపుకు మామగారిని తీసుకెళ్ళాలి. బానెట్ ఎత్తకుండా తిరిగి ఇంటికి తీసుకురావాలి.

ఓస్మాని నడిపే 1954 నాటి కారు, అతని పెళ్ళిలో మామగారు ఎలూతేరియో ఇచ్చింది. ఇందులో పరాయి ఇంజను పడకూడదని మేరీమాత పటం ముందు ఒట్టు వేయించుకుని మరీ ఇచ్చారు. మూడేళ్ళ కిందట ఇంజను చేతులెత్తేసింది. ఓస్మాని గుట్టుచప్పుడు కాకుండా చేపల పడవ డీజిల్ ఇంజను ఒకటి బిగించి, పైన నీలిరంగు పూశాడు. మామగారికి చెవుడు కాబట్టి గుట్టు నిలిచింది. సిగ్గు మాత్రం నిలవనివ్వలేదు. అప్పటినుంచీ ఆయన ఎదురుగా కూర్చుని కాఫీ తాగిన పాపాన పోలేదు.

గట్టు మీద, కార్లలో అసలు ఇంజనే ఉందో లేదో చూసే పరీక్షకుడు నివాల్దో పుస్తకం తెరిచి, బానెట్ ఎత్తమన్నాడు. గొళ్ళెం పట్టేసిందన్నాడు ఓస్మాని. పక్క కారులోని వెల్డరు గడ్డపలుగు పట్టుకొచ్చాడు. వద్దు, లోపల కందిరీగలు గూడు పెట్టాయన్నాడు ఓస్మాని. అంతే, నలుగురు పెద్దమనుషులు చుట్టలు ముట్టించి, ముందున్న జాలీలోంచి పొగ ఊదడం మొదలుపెట్టారు. కందిరీగలు రాలేదు కానీ, ఆ పొగ చూసి ఎవరో కారు తగలబడుతోందని కేకేశారు. వెల్డరు ఇక ఎవరి మాటా వినలేదు. పలుగు పెట్టి బానెట్ పెకిలించేశాడు.

జనమంతా తొంగిచూశారు. ఓస్మానికి తల కొట్టేసినట్టయింది. మామగారి మొహం కందగడ్డయింది.

"నేనిచ్చిన ఇంజనేదయ్యా, అల్లుడూ?"

"పెరట్లో గోనెపట్టా కింద దాచాను మావయ్యా. తప్పయిపోయింది."

ఆయనకు వినబడలేదు. ఆ తప్పును గట్టు మీదున్న వాళ్ళందరికీ వినబడేలా మళ్ళీ అరిచి చెప్పాల్సి వచ్చింది.

ముసలాయన తల దించుకుని చాలాసేపు చొక్కా గుండీ తిప్పుకున్నారు.

"పారెయ్యాల్సింది," అన్నారు చివరికి. "అది చెరకు మిల్లులో నీళ్ళు తోడే ఇంజను. డెబ్బై రెండులో నేనే బిగించాను. మా మావగారు పోయేదాకా ఆయనకి చెప్పలేకపోయాను. ఈ కారు నాకిచ్చినప్పుడు ఆయనా నా చేత ఒట్టేయించుకున్నారు, ఆ పటం ముందే."

మూడేళ్ళలో మొదటిసారి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నివాల్దో తన పుస్తకంలో "అసలు ఇంజను" అన్న మాట కొట్టేసి, "కుటుంబ ఆనవాయితీ" అని రాసుకున్నాడు.