వజ్రభుజ వారి కుడి చేయి

బోధన్ డివిజన్ ప్రజలకు శుభవార్త. ఈ ఏడాది ఆఖరుకల్ల మన దిక్కు చేయి లేని మనిషి, కాలు లేని మనిషి అంటూ ఎవ్వరూ ఉండరు. ఈ మాట అన్నది ఎవరో దారిన పోయేటోడు కాదు. రాష్ట్ర భవిష్యత్ పరిశ్రమల కార్పొరేషన్ చైర్మన్ బాపురావు గారు నిజామాబాద్ ప్రెస్‌మీట్ల, మైకులన్నీ ముందల పెట్టుకొని అన్నరు. వజ్రభుజ సైబర్నెటిక్స్ అనే ప్రపంచ స్థాయి కంపెనీ మన చెరుకు గడ్డ మీదికి వస్తున్నదని, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ బాధను జనం మర్చిపోయేటట్టు చేస్తదని, ముందుగాల అర్హులైన పేదలకు యంత్రపు చేతులు ఉచితంగ పంచుతదని చెప్పిన్రు. ఆ కంపెనీ యాడున్నదని ఒక విలేకరి అడిగిండు. భవిష్యత్తుల ఉన్నది, మరి నా కార్పొరేషన్ పేరేందని చైర్మన్ గారు తిరిగి అడిగిన్రు. గంత సూటిగ జవాబు చెప్పే నాయకుడు దొరకుడు మా జిల్లా అదృష్టం.

చేయి అనంగనే మీరు ఏదో పార్టీ సంగతి అనుకుంటరేమో. చైర్మన్ గారికి అసొంటి పట్టింపులు లేవు. ఆయన అన్ని పార్టీలల్ల ఉండొచ్చిన్రు, అన్నిట్ల ఉన్నప్పుడూ ఆయన ఫ్లెక్సీలు నేనే కొట్టిన. నా పేరు రామ్‌దాస్. బోధన్ పాత బస్టాండ్ ఎదురుంగ నాది ఫ్లెక్సీ దుకాణం. ఆయన మొఖం నా కంప్యూటర్ల ఒక్కటే ఉంటది, కండువ రంగు మార్చుకుంట వస్తున్న.

వజ్రభుజ కంపెనీ కూడ పుట్టింది నా దుకాణంలనే. నజియా అని మా గల్లీ బిడ్డ, నిజామాబాద్‌ల ఇంజినీరింగ్ కాలేజీల పాఠాలు చెప్తది. ఆదివారం వస్తే దోస్తులతోటి ఒక ఆట ఆడుతది. అందరు బల్ల చుట్టూ కూర్చుంటరు. ఒకరు కథ చెప్తరు. మిగిలినోళ్లు తలా ఒక వేషం పట్టి, పాచికలు ఏసి, పడ్డదాన్ని బట్టి ఆ కథల గెలుస్తరు, ఓడుతరు. నజియా సొంతంగ ఒక కథ అల్లి దానికి 'బోధన్ 2090' అని పేరు పెట్టింది. దాంట్ల చెరుకు తోటలు లేవు, సర్కారు లేదు, వజ్రభుజ కంపెనీ ఒక్కటే ఉన్నది. అది అందరికీ ఇనుప చేతులు, గాజు కండ్లు ఫుకట్‌ల పెడతది. కంపెనీకి ఎదురు మాట్లాడితే చేయి బంద్ అయితది. కంపెనీ ఓనర్‌ను మాలిక్ అంటరు, ఆ మాలిక్ ఎదురొస్తే చేతులు వాటంతట అవే లేసి దండం పెడతయి. ఆ మాలిక్‌కు ఒళ్లు లేదు, గాజు సీసాల ఒట్టి మెదడు ఉంటది. ఆడేటోళ్ల పని ఆ కంపెనీని కూలగొట్టుడు.

ఆ ఆటకు కావలసిన కార్డులు ఆమె నా దగ్గర అచ్చేయించింది. ఒక్కో కార్డు మీద ఒక్కో సామాను బొమ్మ, దాని గుణాలు, కింద కంపెనీ షరతులు. మంచి మెరుపు కాగితం మీద బంగారు అంచుతోటి కొట్టిన. అవి బల్ల మీద ఉన్నప్పుడే చైర్మన్ గారు పుట్టినరోజు ఫ్లెక్సీ చూసుకుందామని వచ్చిన్రు.

ఆయన ఒక కార్డు తీసుకొని చదువుడు మొదలు పెట్టిన్రు. ఇన్నేండ్ల సంది చూస్తున్న, ఆయన ఒక కాగితాన్ని ఆఖరుదాక చదివింది అదే మొదటిసారి. నజియా అక్కడనే ఉన్నది, అది ఆట సార్ అని చెప్పింది. స్టార్టప్‌లన్నీ మొదలు ఆటలేనమ్మా అని ఆయన అన్నరు. అసలు కంపెనీయే లేదు సార్, కథల దాన్ని దుర్మార్గపు కంపెనీగ పెట్టిన అని ఆమె మళ్ల చెప్పింది.

"దుర్మార్గం యాడున్నదమ్మా?" అని ఆయన నిజంగనే అడిగిన్రు. కార్డును ఇంకోసారి పైకెళ్లి కిందిదాక చూసిన్రు. "ఫుకట్‌ల ఇస్తున్నరు. తీసుకున్నోడు ఎదురు మాట్లాడితే బంద్ పెడుతున్నరు. మేము చేసేది గదే కదా?"

నజియా నా మొఖం చూసింది. నేను ఫ్లెక్సీ దిక్కు చూసిన. చేయి దానంతట అదే లేసి దండం పెడతదన్న షరతు కాడికి వచ్చేసరికి చైర్మన్ గారి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇసొంటి టెక్నాలజీ కార్యకర్తలకు ముందే వచ్చి ఉంటే తన రాజకీయ జీవితం వేరే తీరుగ ఉండేదని అన్నరు. ఆ కార్డులు ఆయన వెంట కారెక్కి పోయినయి.

వారం తిరగకముందే కంపెనీతోటి ఒప్పందం సభ జరిగింది. కంపెనీ తరఫున సంతకం పెట్టడానికి మనిషి లేకపోవుడు ఒక్కటే చిన్న అడ్డంకి. సీసాల మాలిక్ బొమ్మను ఫ్లెక్సీ కొట్టమని నాకు ఆర్డర్ వచ్చింది. దాన్ని కుర్చీల నిలబెట్టి, శాలువ కప్పి, పూలబొకే ఒళ్లె పెట్టిన్రు. గంత పెద్ద మాలిక్‌లు మనిషి రూపంల రారని, ఆన్‌లైన్ల చూస్తుంటరని చైర్మన్ గారు చెప్తే జనం చప్పట్లు కొట్టిన్రు. నజియా తన ఆట రూల్ పుస్తకం పట్టుకొని, ఇదంత కథ అని చెప్పనీకి స్టేజి ఎక్కింది. మైకు అందకముందే ఆమెకు కూడ ఒక శాలువ కప్పి, 'మహిళా శాస్త్రవేత్త' అని జ్ఞాపిక చేతిల పెట్టి దించిన్రు.

ప్రతిపక్షం ఊరుకుంటదా? తెల్లారే అంబేద్కర్ చౌరస్తాల ధర్నా చేసిన్రు. కంపెనీ లేదని కాదు. చేతులన్నీ చైర్మన్ మనుషులకే పోతున్నయని, తాము గెలిస్తే ఇంటికి నాలుగు చేతులు ఇస్తమని వాళ్ల మాట. ధర్నా ఫ్లెక్సీ ఆర్డర్ కూడ నాకే వచ్చింది, కాదనలేదు.

ఇగ గంగమణి అక్క సంగతి చెప్పాలె. నా దుకాణం పక్కన చెరుకు రసం బండి ఆమెది. ఒకనాడు ఆ మిషన్ రోలర్ల నడుమ గడతోటి పాటు ఆమె కుడి చేయి పడి, మణికట్టు కాడికి పోయింది. మనిషి గట్టిది. ఎడమ చేతితోనే గడ తోస్తది, గ్లాసులు కడుగుతది, చిల్లర లెక్కపెట్టి ఇస్తది. బండి మీద వచ్చేది తిండికి సరిపోతది, వికలాంగుల పింఛన్ ఇంటి కిరాయికి ఎల్లుతది. ఒక్క పని మాత్రం ఆమెతోటి కాదు. తన నెత్తి తాను దువ్వుకొని కొప్పు ఏసుకోరాదు. పొద్దుగాల లేస్తే పక్కింటి సాలేహా ముందట కూర్చొని ఏపిచ్చుకుంటది.

చేతుల ముచ్చట పేపర్ల వచ్చిన రోజు ఆమె నా దుకాణంలకు వచ్చింది. "తమ్మీ, ఆ చేతితోటి కొప్పు ఏసుకోవచ్చునా?" అని అడిగింది.

అది ఆట అక్కా, ఉత్తదే అని నేను చెప్పిన. సర్కారోళ్లు మైకుల చెప్పినంక ఆట ఎట్లయితదని ఆమె నన్నే అడిగింది. నేను పంపిణీ సభ ఫ్లెక్సీలు మాత్రం టైముకు ఇచ్చిన.

ఆ సభ ఫంక్షన్ హాల్ల ఘనంగ జరిగింది. వర్ని దిక్కు నాట్లు ఏసేటోళ్లను కూడ పొలంలకెళ్లి లేపి బస్సులల్ల తెచ్చిన్రు. ఇయ్యాల రేపు సభలల్ల సామాను పంచుడు లేదు, మంజూరు పత్రం పంచుతరు. ఇల్లు అంటే ఇంటి పత్రం, బర్రె అంటే బర్రె పత్రం. అందుకని చైర్మన్ గారు నజియా ఆట కార్డులు పంచుతుంటే ఎవ్వరికీ అనుమానం రాలె. కెమెరాకు ఆనాలె అని వాటిని మూరెడు సైజుకు పెంచి కొట్టమన్నరు, కొట్టిన. అర్హులకు పోంగ మిగిలిన కార్డులతోటి, రెండు చేతులూ మంచిగున్న కార్యకర్తలకు మూడో చేయి మంజూరైంది.

గంగమణి అక్కకు 'వజ్రభుజ కుడి చేయి, మోడల్ ఏడు' వచ్చింది. గోడలు పగలగొడతది, నిప్పుల కాలదు, పాచికల ఆరు పడితే దెబ్బ రెట్టింపు అని దాని మీద రాసి ఉన్నది. పాచికలేంది తమ్మీ అని అడిగితే, అన్ని పథకాలకూ ఉండేదే అక్కా అని చెప్పిన. ఆమె దాన్ని గట్టిగ లామినేషన్ చేపిచ్చుకొని ఇంట్ల దేవుని పటాల పక్కన పెట్టుకున్నది.

చేయి రాలె. పింఛన్ ఆగింది.

పింఛన్ల ఆఫీసుకు ఆమె వెంట నేను, నజియా పోయినం. అక్కడి అధికారి రాజశేఖర్ సార్ చాల మర్యాదస్థుడు, ముగ్గురికీ కుర్చీలు చూపిచ్చిండు. అమ్మకు కుడి చేయి మంజూరై, పంపిణీ కూడ అయిపోయినట్టు కంప్యూటర్ల ఉన్నదని, అందుకే వికలాంగులల్లకెళ్లి పేరు తీసేసినమని చెప్పిండు. గంగమణి అక్క కొంగు పక్కకు జరిపి మొండి చేయి బల్ల మీద పెట్టింది. సార్ దాన్ని శ్రద్ధగ చూసిండు. ఇచ్చిన చేయి పెట్టుకునుడు పెట్టుకోకపోవుడు లబ్ధిదారు ఇష్టమని, దాంట్ల ఆఫీసు తలదూర్చదని అన్నడు.

నజియాకు కోపం ఆగలె. ఆ కంపెనీని కల్పించింది నేనే, అది ఈ భూమ్మీద లేదు అని గట్టిగ చెప్పింది.

"గట్లయితే ఆ ముక్క కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసి, మాలిక్ సంతకంతోటి తెండి మేడం," అన్నడు రాజశేఖర్ సార్. "ఇయ్యాలనే ఫైల్ పెడత."

ఇంకో దారి కూడ ఆయననే దయతోటి చెప్పిండు. చేయి వద్దనుకుంటే, ఇచ్చినోళ్లకే వాపస్ ఇచ్చినట్టు రుజువు తేవాలె. రుజువు తెస్తే పింఛన్ మళ్ల మొదలైతది.

బయటికి వచ్చినంక గంగమణి అక్క మెట్ల మీద కూర్చొని ఏడ్చింది. చేయి పోయిననాడు కూడ గింత ఏడువలేదన్నది. ఆనాడు మిషన్‌ను తిట్టుకున్న, ఇప్పుడు ఎవరిని తిట్టుకోవాలె తమ్మీ అని అడిగింది. ఇంటి ఓనర్ కిరాయి లేకుంటే ఖాళీ చేయమని అప్పటికే చెప్పిండు. ఈ వయసుల బండి తోలుకొని యాడికి పోతనని ఆమె రంది. నజియా ఆమె పక్కన కూర్చొని, మాఫ్ చెయ్యి అక్కా, ఒట్టి ఆటకని రాసిన అని చెప్పుకుంట తాను కూడ కండ్లు తుడుసుకున్నది.

రెండో విడత సభ వేల్పూర్‌ల పెట్టిన్రు. ఈసారి గాజు కండ్లు. పసుపు రైతులు ముసలోళ్లంత కండ్లద్దాలు తుడుసుకుంట వచ్చిన్రు. మా ఉపాయం చిన్నది. గంగమణి అక్క స్టేజి ఎక్కి, అందరి ముందల కార్డు చైర్మన్ గారికి వాపస్ ఇయ్యాలె, పేపరోళ్లు ఫొటో తియ్యాలె, ఆ ఫొటోనే రుజువు. మొదటి విడత లబ్ధిదారు అని చెప్పంగనే ఆమెను పూలదండతోటి స్టేజి మీదికి పిలిచిన్రు.

చైర్మన్ గారు మొఖం కెమెరాల దిక్కు పెట్టి, కుడి చేయి ఆమె దిక్కు చాపిన్రు. ఆమె ఎడమ చేతితోటి ఆ కార్డు తీసి ఆయన అరచేతిల పెట్టింది. "చైర్మన్ సాబ్, నీ చేయి నాకొద్దు, వాపస్ తీస్కో. నా పింఛన్ నాకియ్యి," అన్నది.

నేను స్టేజి కిందనే ఉన్న, నాకు మంచిగ ఇనవడ్డది. బ్యాండు మోగుతుండె, ఆయనకు ఇనవడలె. ఆయన చూపు కెమెరా మీదికెళ్లి తిరగలె. అరచేతిల ఉన్న కార్డును గట్టిగ పట్టుకొని పైకి కిందికి ఊపిన్రు. ఎంతోమందితోటి చేతులు కలిపిన మనిషి, చాలసేపు ఊపిన్రు. రెండో చేయి కూడ దాని మీద ఏసి ఆప్యాయంగ తట్టిన్రు. తర్వాత కార్డు ఆమె చంకల పెట్టి పక్కోళ్ల దిక్కు తిరిగిన్రు.

తెల్లారి జిల్లా పేజీల రంగుల ఫొటో వచ్చింది. గంగమణి అక్క మొండి చేయి కొంగు చాటున ఉన్నది. కొంగు అంచుకెళ్లి మెరుపు కాగితం మీది ఇనుప చేయి బయటికి వచ్చి చైర్మన్ గారి చేతుల ఉన్నది. 'యంత్రపు చేతితో చైర్మన్‌కు కృతజ్ఞతలు తెలుపుతున్న లబ్ధిదారు' అని కింద రాసిన్రు. నేను అచ్చేసిన పనిల అంత శుభ్రంగ వచ్చింది ఇంకోటి లేదు.

ఆఫీసుకు పోయేసరికి రాజశేఖర్ సార్ ఆ పేపర్‌ను అప్పటికే బల్ల మీద పెట్టుకొని ఉన్నడు. మమ్మల్ని చూసి చాల సంబురపడ్డడు. వాపస్ ఇచ్చినట్టు దీంట్ల ఏం లేదు గని, చేయి మంచిగ పనిచేస్తున్నట్టు మాత్రం ఉన్నదన్నడు. గంగమణి ఫిర్యాదు పరిష్కారమైందని కంప్యూటర్ల కొట్టి, ఒప్పుకున్నట్టు వేలిముద్ర ఎయ్యమని మిషన్ ఆమె ముందలికి జరిపిండు. ఎయ్యకుంటే ఇంకో ఫిర్యాదు తీసుకునేది ఉండదని చెప్పిండు.

ఆమె ఎడమ బొటనవేలు పెట్టింది. మిషన్‌ల ఎర్ర లైటు ఎలిగింది. తుడిచి మళ్ల పెట్టింది, మళ్ల అదే లైటు.

"అది పాతదమ్మా," అన్నడు సార్ మెల్లగ. "ఇప్పుడు కంప్యూటర్ల నీది కుడి చేయి ఎక్కింది. అది పెట్టు."