కుట్టు లేని అంగీ

బుధవారం పొద్దున ఓబిలేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా యేసుకు బాప్తిస్మం ఇప్పించి, పన్నెండుకు ఇంటికి పోయి సంగటి తిని, సాయంత్రం కూర్చుని సినిమా అతికించేయాలి. ఎల్లుండి గుడ్ ఫ్రైడే. సాయంత్రం ఆరింటికి సోమందేపల్లె చర్చిలో తెర కట్టి నలభై నిమిషాల సినిమా వేయాలి. మిగిలింది ఈ ఒక్క సీనే.

ఓబిలేష్‌ది పెళ్లి వీడియోల స్టూడియో. పదిహేనేళ్లుగా మండలంలో పెళ్లయిన ప్రతి జంటనూ హంసల మీద ఎక్కించి మంచుకొండల మీద దింపినవాడు. ఇప్పుడు పెళ్లికొచ్చిన ప్రతివాడి చేతిలోనూ ఫోనుంది, హంసలకు పని లేకుండా పోయింది. స్టూడియోకు తాళం పడేలోపు, తన పేరు పడేది, జనం చీకట్లో కూర్చుని నోరు మూసుకుని చూసేది ఒక్కటి తీయాలని అతని కోరిక. ఎంత బలమైన కోరికంటే, కదిరి నరసింహస్వామికి మొక్కుకుని మరీ యేసు సినిమా మొదలుపెట్టాడు.

తెర చర్చిది, జనం చర్చివాళ్లు, కాబట్టి షరతు కూడా చర్చిదే. పాస్టర్ బయ్యన్న తన కూతురు మౌనిక పెళ్లి వీడియో చూసినప్పటి నుంచి ఓబిలేష్‌ను నమ్మడు. అందులో వధూవరులు ప్రమాణం చేస్తుండగా వెనక తాజ్‌మహల్ వచ్చింది. "గ్రంథంలో రాసిందే తియ్యల్ల. రాయంది ఒక్కటి కనబడినా తెర దింపేస్తా," అన్నాడు.

గ్రంథంలో ఎంత తక్కువ రాసి ఉందో ఓబిలేష్‌కు అప్పటికి తెలియదు. పొడుగు జుట్టు విగ్గు తెస్తే, పొడుగని యాడా రాయలేదని పాస్టర్ వెనక్కి పంపాడు. నీలికళ్ల లెన్సులు, తెల్లపౌడరు కూడా అదే దారి పట్టాయి. యేసు వేషం వేసిన ప్రవీణ్ కరెంటాఫీసులో లైన్‌మన్. ఎండలో స్తంభాలెక్కి కాలిన రంగు, పొట్టి క్రాపు. అలాగే ఉంచేశారు. తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు ముగ్గురని లోకమంతా అనుకుంటుంది గానీ గ్రంథంలో లెక్క లేదు. అందుకని ఓబిలేష్ గొర్రెల మంద నడుమ వాళ్ల కాళ్లు మాత్రమే తీశాడు. యేసు ఎక్కే గాడిదపిల్ల మీద అంతకుముందు ఎవరూ కూర్చుని ఉండకూడదని మాత్రం స్పష్టంగా ఉంది. అలాంటిది పెనుకొండలో దొరికింది. దాని మీద ఎవరూ ఎందుకు కూర్చోలేదో ప్రవీణ్‌కు రెండు నిమిషాల్లో తెలిసింది.

చర్చిలో అందరికంటే పెద్దదైన నారాయణమ్మ ఒకరోజు షూటింగు చూడవచ్చి, ప్రవీణ్‌ను ఎగాదిగా చూసింది. "ఈడు మన కరెంటు ప్రవీణ్ గదా. యేసు యాడుండాడు?" అని అడిగింది.

అన్నిటికంటే పెద్ద చిక్కు అంగీతో వచ్చింది. యేసు అంగీకి కుట్టు లేదని, పైనుంచి కిందిదాకా ఒకటే నేతని రాసి ఉంది. ఆయనను సిలువ వేసిన సైనికులు సైతం దాన్ని చింపి పంచుకోవడానికి మనసొప్పక, ఎవరికి దక్కాలో చీట్లు వేసుకున్నారట. ఇక దర్జీ పనికిరాడు. ఓబిలేష్ ధర్మవరం పోయి, నలభై ఏళ్లుగా పట్టుచీరలు నేస్తున్న హనుమంతప్పను పట్టుకున్నాడు. కుట్టు లేని అంగీ అనగానే హనుమంతప్ప తాగుతున్న టీ పక్కన పెట్టేశాడు. రెండు పొరలుగా నిలువుపోగుల పడుగు పోసి, అడ్డపోగు నడిపే నాడెను చుట్టూ తిప్పుతూ గొట్టంలా నేయవచ్చన్నాడు. పట్టు మాత్రం కూడదని, మెత్తని బట్టలు రాజుల ఇళ్లలో వాళ్లవని రాసి ఉందని పాస్టర్ కబురంపాడు. అయితే ఉన్ని అనుకున్నారు.

గొంగళ్లు నేసే కురుబవాళ్లను ఉన్ని సంగతి ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. "పట్టు నేసే చేతికి గొర్రెబొచ్చు ఒక లెక్కనా?" అన్నాడు హనుమంతప్ప. పట్టును మగ్గం మీద ఎంత బిగదీసి కడతాడో ఉన్నినీ అంతే బిగదీసి కట్టి, ఇరవై రోజులు నేశాడు. నిజం చెప్పాలంటే అంగీ అద్భుతంగా వచ్చింది. మడమల దాకా జారింది, ఎక్కడా సూది పడిన జాడ లేదు.

యొర్దాను నది కోసం నారాయణప్ప అనే రైతు పొలంలో ప్లాస్టిక్ పట్ట పరిచిన నీటికుంట దొరికింది. అందులో నీళ్లు లేవు. ట్యాంకర్లు తెప్పించారు. నీళ్లు పడే చప్పుడుకు చుట్టుపక్కల గొర్రెలు, వాటి వెనక కాపరి మారెమ్మ, ఆమె వెనక సగం ఊరు వచ్చి చేరారు. బాప్తిస్మమిచ్చే యోహానుగా టీకొట్టు నాగేశ్వర నడుముకు తోలుపట్టీ కట్టుకుని కుంటలోకి దిగాడు. ప్రవీణ్‌ను ముంచి లేపాడు.

ప్రవీణ్ లేచి నవ్వాడు. అది నటన కాదు. నెల రోజులుగా గుట్టల మీద మాడిన మనిషికి ఒక్కసారిగా మెడ దాకా చల్లటి నీళ్లు తగిలేసరికి, తల విదిల్చి, పళ్లన్నీ బయటపెట్టి చిన్నపిల్లవాడిలా నవ్వాడు. కెమెరా వెనక ఓబిలేష్ ఒళ్లు మరిచిపోయాడు. పదిహేనేళ్లలో తను తీసినవాటిలో అబద్ధం లేనిది అదొక్కటేనని అతనికి తోచింది.

పాస్టర్ చెయ్యెత్తాడు. "ఏడ్చినాడని రాసినారు. నవ్వినాడని యాడా రాయలేదు. మళ్లీ తియ్యప్పా."

మళ్లీ తీయాలంటే అంగీ పొడిగా ఉండాలి. విప్పి ఆరేద్దామని ప్రవీణ్‌ను చేతులు పైకెత్తమన్నారు. చేతులు లేచాయి గానీ అంగీ లేవలేదు. చూస్తుండగానే మడమల దగ్గరి అంచు పిక్కల మీదికి వచ్చింది. అంత బిగదీసి నేసిన ఉన్ని తడిస్తే ముడుచుకోదా, ముందే తడిపి నెయ్యల్ల గదా అంది మారెమ్మ, ఆ సంగతి తన గొర్రెలకు కూడా తెలుసునన్నట్టు.

వేడినీళ్లకు ఏదైనా సడలుతుందని నాగేశ్వర తన టీకొట్టు నుంచి రెండు బిందెలు కాచి తెచ్చి పోశాడు. అంచు మోకాళ్ల దాకా వచ్చింది. మెడ దగ్గర వేలు కూడా దూరకుండా పోయింది. శెనగనూనె పూస్తే జారుతుందని మరొకరు సలహా ఇచ్చారు. అంగీ జారలేదు. ప్రవీణ్ దగ్గర మాత్రం ఎండ ఎక్కేకొద్దీ బజ్జీల వాసన రాసాగింది.

ఎవరో కత్తెర తెచ్చారు. సైనికులే చింపనిదాన్ని మనం చింపితే వాళ్లకంటే అన్యాయమైపోతామని పాస్టర్ అడ్డం నిలబడ్డాడు. ఫోను చేస్తే బస్సెక్కి వచ్చిన హనుమంతప్ప, ప్రవీణ్ ముఖం వైపు చూడకుండా నేరుగా బట్టనే తడిమాడు. "కత్తెర పెడితే నా చెయ్యి మీద పెట్టండి. ఇట్లాంటిది ఇంగొకటి నేను నెయ్యలేను," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి కత్తెర తెచ్చినవాడు దాన్ని జేబులో పెట్టుకున్నాడు. మరి ఆ సైనికులు దాన్నెట్లా విప్పినారన్నా అని ఓబిలేష్ పాస్టర్‌ను అడిగాడు. పాస్టర్ గ్రంథం తిరగేసి, అది రాయలేదన్నాడు.

గురువారం గాలికి తీగ తెగి చర్చి వీధికి కరెంటు పోయింది. డ్యూటీ ప్రవీణ్‌దే. యూనిఫారం చొక్కా అంగీ మీద ఎక్కలేదు. పైన అంగీ, కింద ఖాకీ ప్యాంటుతో స్తంభమెక్కి తీగ కట్టాడు. కరెంటొచ్చింది. కింద యాభై ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. యేసు దిగొచ్చి కరెంటిచ్చినాడనే వీడియో మధ్యాహ్నానికి ధర్మవరం చేరింది. యూనిఫారం ఎందుకు వేసుకోలేదో సంజాయిషీ రాయమన్నాడు పై అధికారి. అంగీ ఊడిరావడం లేదని ప్రవీణ్ ఉన్నదున్నట్టు రాసిచ్చాడు. అధికారి రెండుసార్లు చదివి, రెండు రోజులు సెలవు రాసుకొమ్మన్నాడు.

దాంతో శుక్రవారం వంద మంది పట్టే చర్చికి నాలుగు వందల మంది వచ్చారు. నేత చూడటానికి ధర్మవరం మగ్గాలవాళ్లు, ఉన్నిని ఎట్లా పాడుచేశారో చూడటానికి కురుబవాళ్లు, స్తంభమెక్కిన మనిషిని చూడటానికి తక్కినవాళ్లు. ఓబిలేష్ కోరుకున్నది ఇదే. అందుకే అతనికి చలిజ్వరం వచ్చినట్టయింది. అంగీ మోకాళ్ల మీద ఉండగా బాప్తిస్మం మళ్లీ తీయడం కుదరలేదు. ఉన్న ఒక్క ముక్కలో ఆ నవ్వు ఉంది. నవ్వు కోసేస్తే బాప్తిస్మం లేదు, కోయకపోతే సినిమానే లేదు.

కోసేయమన్నాడు పాస్టర్. ఏ పెళ్లివారు ఏది కోయమన్నా కోసి, ఏది అతికించమన్నా అతికించిన ఓబిలేష్ తల అడ్డంగా ఊపాడు. "కొయ్యనన్నా. అబద్ధమైంటే నేనే కోసింటి. తెర దింపాల్నంటే దింపుకో," అన్నాడు.

పాస్టర్ పోయి తెర కట్టిన తాడు ముడి పక్కనే కుర్చీ వేసుకుని, ముడి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. సినిమా మొదలైంది. లెక్క తెలియని జ్ఞానులు నడిచిపోయారు. ముందు వరుసలో నారాయణమ్మ, ఈడు కరెంటు ప్రవీణే గదా అని పక్కామెతో పైకే అంది. తర్వాత కుంట వచ్చింది. నాగేశ్వర ముంచాడు. ప్రవీణ్ లేచాడు, తల విదిల్చాడు, నవ్వాడు. పాస్టర్ లేచి నిలబడ్డాడు.

అంతలో నారాయణమ్మ నవ్వింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. "అన్ని నీళ్లు ఒక్కసారి జూస్తే నవ్వు రాదేమప్పా? ఈయప్ప యేసే," అంది.

నాలుగు వందల మందీ నవ్వారు. వెయ్యి అడుగుల బోరు వేసి దుమ్ము చూసినవాళ్లు, బిందెలతో ట్యాంకరు వెనక పరుగెత్తినవాళ్లు, మొహానికి నీళ్లు తగిలినట్టే నవ్వారు. తనూ నవ్వుతున్న సంగతి పాస్టర్‌కు కొంచెం ఆలస్యంగా తెలిసింది. ముడి మీది చెయ్యి తీసి, "నవ్వలేదని గూడా యాడా రాయలేదులే. ఆ ముక్క ఇంగోసారి ఎయ్యి," అన్నాడు. మూడుసార్లు వేశారు. తెర వెనక నిలబడి ఓబిలేష్ ఏడ్చాడు. సంతోషంతోనే.

వెనక వరుసలో హనుమంతప్ప ఒక్కడే నవ్వలేదు. ఆయన తెర మీద మడమల దాకా జారిన తన నేతనే చూస్తూ కూర్చున్నాడు. జనం కదిలాక ప్రవీణ్ దగ్గరికి వచ్చాడు. "నలుగురూ జూసినారు, నాకు సాలు. నేసినోన్ని నేనే ఇప్పుతా," అన్నాడు. చుట్టూ తిప్పి నేసింది కాబట్టి అడ్డపోగు ఎక్కడా తెగలేదు. శనివారం పొద్దున చర్చి పక్క గదిలో ప్రవీణ్‌ను నిలబెట్టి, కింది అంచున కొస పట్టుకుని, చుట్టూ తిరుగుతూ వరుస వరుసగా లాగసాగాడు. ఉండ చుట్టే పనికి మారెమ్మ కూర్చుంది. పొద్దుగూకేసరికి నడుము దాకా అయింది. చంకలు, మెడ మరుసటి పొద్దుటికి మిగిలాయి.

ఆదివారం ఈస్టరు, యేసు సమాధిలోంచి లేచిన రోజు; ఆ సంగతి మొదట తెలిసింది పొద్దున్నే అక్కడికి పోయిన ఆడవాళ్లకేనని గ్రంథంలో ఉంది. ఎండ రాకముందే నారాయణమ్మ ఇంకో ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని, ఆకలిగా ఉంటాడని ప్రవీణ్‌కు ఉగ్గాని తీసుకొచ్చింది. తలుపు తీసే ఉంది. లోపల ఒక మూల ఉన్ని ఉండలు పేర్చి ఉన్నాయి. హనుమంతప్ప గోడకానుకుని వేళ్లు ఒత్తుకుంటున్నాడు. ప్రవీణ్ ఏడప్పా అని నారాయణమ్మ అడిగింది.

"ఈడ లేడమ్మా. లేసి పోయినాడు," అన్నాడు హనుమంతప్ప.

ఆయన ఆ గ్రంథం ఎన్నడూ చదివినవాడు కాదు.