గడ్డకట్టని కొబ్బరి నూనె

కొబ్బరి నూనె గడ్డకట్టడం మన వెనకబాటుతనానికి మొదటి గుర్తు!

ఈ మాట అన్నందుకు కొందరికి కోపం వస్తుందని నాకు తెలుసు. రానివ్వండి. అవతలి దేశాలవాళ్ళు చంద్రుడి మీదికి మనిషిని పంపడానికి ముహూర్తం చూసుకుంటూంటే, మనం ఇంకా పుష్యమాసం పొద్దుటే నూనె సీసా చేత్తో పట్టుకుని, ఎండ ఎక్కడ పడుతుందా అని పెరడంతా తిరగడం ఏమిటండీ? ఆ సీసాని కుంపటి పక్కన పెట్టి కాపలా కాయడం ఏమిటి? కాపలా కాస్తూ ఆఫీసుకి ఆలస్యం కావడం ఏమిటి?

ఈ దుస్థితి నుంచి మా వీధిని రక్షించిన మహానుభావుడు షావుకారు నరసింగరావు. ఆయన కథ చెప్పకుండా నేను పోతే, రాబోయే తరాలవాళ్ళు నన్ను క్షమించరు.

మాది విజయనగరం. మా వీధికి మొదట్నించీ కొబ్బరి నూనె తెచ్చేది తవిటమ్మ. ఆవిడది ఉద్దానంలో ఒక పల్లె. ఉద్దానం అంటే తెలుసుగా, ఎటు చూసినా కొబ్బరి తోటలే. సొంత చెట్ల కాయలు ఎండబెట్టి, గానుగాడించి, నూనె డబ్బా నెత్తిన పెట్టుకుని పలాసలో పాసింజరెక్కేది. ఆమదాలవలస ప్లాట్‌ఫారం మీద కొంత, చీపురుపల్లి ప్లాట్‌ఫారం మీద కొంత అమ్ముకుని, మిగతాది మా వీధికి తెచ్చేది.

చలికాలం వచ్చిందంటే ఆ నూనె డబ్బాలో తెల్లగా వెన్నలా పేరుకుపోయేది. తవిటమ్మ గరిటెతో తవ్వి మా సీసాల్లోకి కూరేది.

"సలికి ముడుసుకు పడుకున్నాది అమ్మగోరూ! కూసింత ఎండ సూపించండి, అదే లెగుస్తాది" అనేది.

ఇదీ మా నాగరికత! నూనెని నిద్ర లేపితే గాని మనిషి తల దువ్వుకోలేడు!

అలాంటి చీకటి రోజుల్లో, నరసింగరావు తన కొట్లోకి 'కుంతల కౌముది' అనే సీసా నూనె దింపాడు. ఆకుపచ్చ రంగు, సంపెంగ వాసన. లేబులు మీద ఒక అమ్మాయి బొమ్మ. ఆ అమ్మాయి జుట్టు లేబులు కింది అంచుదాకా వచ్చి ఆగింది. సీసా ఇంకాస్త పొడుగ్గా ఉంటే ఇంకా పెరిగేదే, సందేహం లేదు. అన్నిటికంటే గొప్ప సంగతి, ఎంత చలి వేసినా ఆ నూనె గడ్డకట్టదు! ఎప్పుడు వంచితే అప్పుడే బడబడా కారుతుంది. నీళ్ళు కూడా అంత వినయంగా కారవు.

పైగా తవిటమ్మ నూనె కంటే చవక. వీధి వీధంతా సీసాకి మారిపోయింది. తవిటమ్మ మా గుమ్మం ముందు నిలబడి కేకేస్తే, మా ఆవిడ జ్ఞానాంబ లోపల్నించే "ఇవాళ వద్దులే తవిటమ్మా" అనడం మొదలెట్టింది. కొన్నాళ్ళకి కేక కూడా వినపడ్డం మానేసింది.

ఇక కుంతల కౌముది వల్ల మా ఇంటికి కలిగిన లాభాలు వినండి.

మొట్టమొదట నా సంగతి. నాకు తల మీద జుట్టు ఎప్పుడూ పొదుపుగానే ఉండేది. ఈ నూనె రాసిన తరవాత మంగలివాడు నన్ను చూసి గౌరవంగా నమస్కారం పెట్టి, పక్కింటాయన్ని కూర్చోబెట్టుకుంటున్నాడు. ఎంత సమయం కలిసొచ్చిందీ!

రెండోది సైకిలు. ఒకరోజు గొలుసు కిర్రుకిర్రుమంటూంటే, దగ్గర మరేమీ లేక ఈ నూనె రెండు బొట్లు వేశాను. ఏం చెప్పమంటారు! నా సైకిలు దాని జన్మలో అంత హాయిగా నడవలేదు. తలుపు బందులకి వేశాను, చప్పుడు లేదు. కుట్టు మిషనుకి వేశాను, పరుగులు తీసింది. కరెంటు పోయినప్పుడు లాంతర్లో పోసి చూశాను. దీపం దివ్యంగా వెలిగి, ఇల్లంతా సంపెంగ వాసన! ఇన్ని పనులు చేసే నూనె తల ఒక్కదాని దగ్గరే కాస్త తడబడితే, దాన్ని తప్పు పడతారా?

తడబడిన మాట మాత్రం నిజం.

మా జ్ఞానాంబ ఆడపిల్లలకి సంగీతం చెబుతుంది. ఆవిడ చాప మీద కూర్చుంటే జడ చాప మీదికి చేరి, ఆవిడతో పాటు తాళం వేస్తున్నట్టుండేది. పాఠానికి వచ్చే పిల్లలు కీర్తనకంటే ఆ జడనే ఎక్కువ శ్రద్ధగా చూసేవారని నా అనుమానం. ఆ జడ సన్నబడింది. ముందు తల దురద అంది. తరవాత దువ్వెన మారిస్తే సరిపోతుందంది. ఆ తరవాత ఏమీ అనడం మానేసి, జడకి సవరం చేర్చింది.

ఒకరోజు పొద్దుట పెరట్లో, దువ్వెనకి వచ్చిన జుట్టు అంతా ఉండ చుట్టి, అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడి ఉంది. "పిచ్చిక గూడు కట్టుకోడానికి ఇస్తావా ఏమిటి?" అందామని నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి, మాట మింగేసి లోపలికి వచ్చేశాను.

"మా అమ్మమ్మకి పోయేదాకా జడ ఇలా ఉండేది" అంది లోపలికొచ్చి, తొడ దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తూ. "నాకు నలభై కూడా రాలేదు."

నేను మామూలుగా శాస్త్రీయ దృక్పథంతో, "తల తేలికపడితే గాలి బాగా ఆడుతుంది" అన్నాను. ఆవిడ అలమారులో వెతికి, వెనకాల పడిపోయిన తవిటమ్మనాటి సీసా ఒకటి తీసింది. అడుగున ఉన్న నూనె తెల్లగా గడ్డకట్టి ఉంది. రెండో చేత్తో కుంతల కౌముది తీసుకుంది. నిలబడ్డపళంగా చెప్పులు వేసుకుని బయల్దేరింది.

ఆడవాళ్ళు ఇంత తొందరగా నడవగలరని నాకు పెళ్ళైన ఇన్నేళ్ళలో తెలియదు. నేను సైకిలు మీద వెంటపడితే గాని అందలేదు. అదీ కౌముది వేసిన సైకిలు కనక!

నరసింగరావు కొట్టు నిండా జనం. జ్ఞానాంబ రెండు సీసాలూ బల్ల మీద టక్కున పెట్టింది.

"ఈ నూనె రాసి నా జుట్టు ఊడిపోయింది. ఇందులో ఏం కలుపుతున్నారో చెప్పండి."

నరసింగరావు ఎంతో శాంతస్వభావుడు. రెండు సీసాల్నీ చూశాడు. తవిటమ్మ సీసాని చూపుడువేలుతో కొంచెం దూరం జరిపాడు.

"సూడండమ్మా" అన్నాడు. "ఇదేటి, సలికి భయపడి గడ్డకట్టుకుపోయే పల్లెటూరి సరుకు. మాది ఫ్యాక్టరీలో సైన్సు ప్రకారం సేసింది. అది గడ్డకట్టదు. గడ్డకట్టదని ఎవులైనా కంప్లయింటు సేత్తారేటి?"

"మరి నా జుట్టు?"

"ఊడింది పాత జుట్టమ్మా. కొత్తది రావాలంటే పాతది కాళీ సెయ్యాలి గదా!"

జనం తలలూపారు. నేనూ ఊపాను. ఇంత సులువుగా శాస్త్రం చెప్పేవాడు మా స్కూల్లో ఒక్కడున్నా నేను ఇవాళ ఎక్కడో ఉండేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే కొట్టు వెనకనున్న ఇంట్లోంచి నరసింగరావు భార్య లక్ష్మణమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చింది. పాపం, లోపలున్న మనిషికి ఇక్కడి గొడవ తెలియదు. అప్పుడే తలకి రాసుకుని వచ్చిందేమో, నల్లటి ముడి నిగనిగలాడిపోతోంది. జ్ఞానాంబ ఆ ముడినే చూస్తూ, గొంతు మెత్తన చేసి అడిగింది.

"మీ జుట్టు ఎంత బాగుందండీ! మీరు రాసేది ఈ సీసా నూనేనా?"

"అయ్యో రామ! సీసా నూనా?" అని లక్ష్మణమ్మ నవ్వింది. "అది మా ఇంట్లో ఎవురం రాయమమ్మా. మా ఆయన గుమ్మం దాటనివ్వరు. తవిటమ్మని లేదూ, ఉద్దానం నించి వస్తాది. పెరటి గుమ్మం కాడికొచ్చి పోసెళ్ళిపోతాది."

కొట్లో వెనకనించి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పైన కొట్టంతా ఘొల్లుమంది. లక్ష్మణమ్మ ఏం జరిగిందో తెలియక, కాఫీ అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మరొకడైతే తల దించుకునేవాడు. నరసింగరావు కాఫీ గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, చేతులు జోడించాడు.

"అవునమ్మా! మా ఇంట్లో రాయం. ఎందుకు రాయం? మేమే రాసేసుకుంటే కాతాదార్లకి ఏటి మిగుల్తాది? మంచి సరుకు మీకుండాలని, నోరు కట్టుకుని, నాటు నూనె రాసుకుని బతుకుతన్నాం. త్యాగమమ్మా ఇది!"

పాఠకులారా, ఇంతటి త్యాగశీలిని మన జిల్లాల్లో మీరు ఎక్కడైనా చూశారా?

అయినా కృతఘ్నులైన మా వీధివాళ్ళు కుంతల కౌముదిని మానేశారు. అందరూ గుమ్మాల్లో నిలబడి తవిటమ్మ కేక కోసం చెవులు రిక్కించారు. తవిటమ్మ రాలేదు. మర్నాడూ రాలేదు. పాసింజరు వచ్చే వేళకి జ్ఞానాంబ వీధి చివరిదాకా వెళ్ళి చూసి వచ్చేది. ఆ వారమంతా మా వీధిలో తలలు ఎండుగడ్డి వాముల్లా ఉన్నాయి.

ఆ తరవాత నరసింగరావు కొట్లో ఒక కొత్త సీసా వెలిసింది. 'కుంతల కౌముది స్పెషల్'! అందులో నూనె తెల్లగా గడ్డకట్టి ఉంది. లేబులు మీద అదే అమ్మాయి. ఆవిడ కింద పెద్ద అక్షరాలతో, 'చలికి గడ్డకట్టును! అదే మా గ్యారంటీ!' అని వేయించాడు.

వెల మాత్రం నేను చెప్పను. చెబితే మీకు మిగతా జుట్టు కూడా ఊడుతుంది.

జ్ఞానాంబ ఒక సీసా కొంది. మూత తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"ఇది తవిటమ్మ నూనె" అంది.

"లేబులుందే?" అన్నాను.

"లేబులికి వాసన ఉండదు."

సరే, ఎవరిదైతేనేం! నూనె రాసిన కొన్నాళ్ళకి జుట్టు రాలడం తగ్గింది. మాఘమాసం వెళ్ళేసరికి కొత్త వెంట్రుకలు నుదుటి దగ్గర లేచి నిలబడ్డాయి. అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుని, చాలాకాలానికి ఆవిడ చిన్నగా ఒక రాగం తీసింది. ఇంట్లో నూనె ఖర్చు బియ్యం ఖర్చుతో పందెం వేస్తోందన్నది వేరే విషయం. జుట్టున్నవాళ్ళకి ఆకలి ఒక లెక్కా?

ఇక్కడితో ఈ వ్యాసం ముగించి, షావుకారుకి జయజయధ్వానాలు పలికి వెళ్ళిపోవాలనే నా ఉద్దేశం. కాని మా వదినగారిని చీపురుపల్లి బండి ఎక్కించడానికి మొన్న నేనూ జ్ఞానాంబా స్టేషనుకి వెళ్ళాం. బండి వెళ్ళిపోయింది. మేం వెనక్కి తిరిగేసరికి, అవతలి పాసింజరు దిగి తవిటమ్మ వస్తోంది! వెనకాల కూలీ నెత్తిన రెండు డబ్బాలు. నరసింగరావు గుమాస్తా ఎదురెళ్ళి ఆ డబ్బాలు దింపించుకుంటున్నాడు.

"తవిటమ్మా!" అని జ్ఞానాంబ గబగబా వెళ్ళింది. "ఏమే, మా వీధి మరిచిపోయావా?"

తవిటమ్మ మొహం విప్పారింది. "మరిసిపోతానేటి అమ్మగోరూ! ఇప్పుడు తిరగక్కర్లేదు నాకు. సావుకారు కాంట్రాట్టు రాయించుకున్నాడు. సరుకంతా ఆయనకే. బండి కాడికే మడిసి వస్తాడు, తీసుకెల్తాడు. కాల్నొప్పి లేదు, కేకలెయ్యక్కర్లేదు. సుకంగా ఉన్నాది."

"చాలా సంతోషం" అన్నాను నేను. చూశారా, అభివృద్ధి ఎవర్నీ వదలదు!

ఇంతలో గుమాస్తా సంచీలోంచి ఒక సీసా తీసి తవిటమ్మ చేతిలో పెట్టాడు. ఆకుపచ్చ నూనె. స్పెషల్ కాదు, పాత కుంతల కౌముదే. తవిటమ్మ దాన్ని చీర కొంగులో జాగ్రత్తగా మూట కట్టుకుంది.

జ్ఞానాంబ మొహంలో రంగు మారింది. "అదెందుకే నీకు?"

"తలకి అమ్మగోరూ. మా కూతురు తాయారికీ, నాకూ. సవగ్గా ఇస్తాడు సావుకారు. గుబాళిస్తాది కూడాను!"

"ఇంటినిండా నూనె పెట్టుకుని ఇది రాస్తావా?"

"ఇంట్లో ఎక్కడున్నాదమ్మా? బొట్టు మిగల్సకుండా ఇచ్చెయ్యాలని కాంట్రాట్టు. ఇంటికని కూసింత ఉంచుకుంటే, మరి నా సరుకు ఒద్దంటాడు."

మాట్లాడుతూనే చెయ్యి ముడిలోకి పెట్టి గోక్కుంది. అప్పుడు చూశాను ఆ ముడిని. తవిటమ్మకి చేతికి పట్టనంత ముడి ఉండేది. ఇప్పుడు నిమ్మకాయంత ఉంది. మేం చూస్తున్నామని తెలిసి కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"అది రాయకే తవిటమ్మా!" అంది జ్ఞానాంబ. "నా మాట విను. ఒక్క బొట్టు కూడా రాయకు!"

తవిటమ్మ ఆశ్చర్యంగా చూసింది. ఆవిడ కళ్ళు జ్ఞానాంబ నుదుటి దగ్గరి కొత్త జుట్టు మీద ఆగాయి.

"మరేటి రాయమంటారు అమ్మగోరూ?"

నాకు ఏ ప్రశ్నకైనా వ్యాసమంత జవాబు చెప్పే అలవాటు ఉంది. ఆ పూట ఏదో ఒక బండి ఎక్కి ఎక్కడికైనా వెళ్ళిపోదామనిపించింది. కాని మేం ఎక్కించడానికి వచ్చినవాళ్ళమే గాని ఎక్కవలసినవాళ్ళం కాదు. తవిటమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ, అక్కడే నిలబడి ఉంది.