నిలువు ఏడులో అంతోనయ్య

సోమవారం పొద్దున అంతోనయ్య పెట్టుకున్న పని ఒక్కటే. షిఫ్టు బస్సు వచ్చేలోగా పేపర్లోని గళ్ళనుడికట్టు పూర్తి చేయడం. ఆ మాటకొస్తే ఏ రోజైనా ఆయనకు పొద్దున పూట ఉండే పని అదే. పాల్వంచ థర్మల్ స్టేషన్ స్టోర్స్‌లో సీనియర్ అసిస్టెంటు. కాలనీ క్వార్టర్ వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, 'మన కిన్నెర' దినపత్రిక చివరి పేజీ పైకి వచ్చేలా మడిచి, చెవి మీది పెన్సిల్ చేతిలోకి తీసుకున్నాడంటే ఇక ఇంట్లో ఎవరు పిలిచినా పలకడు. దేశంలో ఏం జరిగిందో సాయంత్రం చదువుకుంటాడు. దేశం ఆగుతుంది, బస్సు ఆగదు.

ఆ రోజు గళ్ళ కింద కొత్త పేరు కనబడింది. 'కూర్పు: చింతచిగురు.'

"ఎవడో కొత్తోడు వచ్చిండు," అన్నాడు అంతోనయ్య హుషారుగా. "చూద్దాం వీని సంగతేందో."

"నేను నల్లా కాడికి పోతున్న. పొయ్యి మీద పాలున్నయ్, జర చూడుండ్రి," అని బిందె తీసుకుని గేటు దాటింది ఆయన భార్య సంపూర్ణ.

"ఊఁ" అన్నాడు అంతోనయ్య. ఆయన కళ్ళు అప్పటికే అడ్డం ఒకటి మీద ఉన్నాయి. 'పేపరు పట్టినవాడు ఇంట్లో ఉండగానే పోయేవి (2).' ప్రాణాలు అనుకున్నాడు, అక్షరాలు ఎక్కువయ్యాయి. పరువు అనుకున్నాడు, అదీ సరిపడలేదు. పెన్సిల్ వెనక భాగం కొరుకుతూ చాలాసేపు ఆలోచించి, చటుక్కున 'పాలు' అని రాశాడు. రాసిన మరుక్షణం వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది.

పరుగెత్తి వెళ్ళేసరికి గిన్నెలో అడుగున నల్లగా పట్టినవి తప్ప పాలు లేవు. అంతోనయ్య ఒకసారి గిన్నెను చూశాడు. ఒకసారి చేతిలోని పేపర్ను చూశాడు. 

"వీడెవడ్రా బాబూ," అనుకుని నవ్వేశాడు. సోమవారం కాబట్టి నవ్వగలిగాడు.

మంగళవారం నవ్వు రాలేదు. అడ్డం తొమ్మిదిలో చిక్కుకుని తల గోక్కుంటుంటే కూతురు స్తుతి జడ అల్లుకుంటూ వచ్చి భుజం మీంచి తొంగి చూసింది. పదో తరగతి పిల్ల. "అది 'అలసట' డాడీ," అంది.

"తెలుసులే!" అని కసిరి, ఆ మాటే రాసుకుని, నిలువు మూడుకు దిగాడు. 'తెలియనప్పుడు ఇంటి యజమాని ఇచ్చే జవాబు (4).'

అంతోనయ్య చేతిలోంచి పెన్సిల్ జారి కింద పడింది. మెల్లగా తల తిప్పి కూతుర్ని చూశాడు. ఆమె పుస్తకాల సంచీ సర్దుకుంటోంది. గోడల్ని చూశాడు. ఎదురింటి వైపు చూశాడు. ఎదురింటి బాలకృష్ణ వంటింటి కిటికీ సరిగ్గా ఈ వరండాకే తెరుచుకుని ఉంటుంది. ఆ కిటికీ వెనక ఎవరో పోపు పెడుతున్నారు.

బుధవారం అసలు దెబ్బ తగిలింది. సంపూర్ణ టీ గ్లాసు అందిస్తూ, "వచ్చే ఆదివారం బూర్గంపాడు పోవాలె. మా తమ్ముడు జయరాజ్ కొత్తింట్ల ప్రార్థన పెట్టుకున్నడు. ఫాదర్ గారొస్తున్నరు. మీరు గిట్ల రాకుంటే ఈసారి బాగుండదు," అంది.

బూర్గంపాడు అనే మాట వినబడగానే అంతోనయ్య ఎడమ చెయ్యి దానంతటదే నుదుటి మీదికి వెళ్ళింది. "పొద్దుగాల నుంచి తల పగిలిపోతుందే. ఆదివారానికి తగ్గుతదో లేదో," అన్నాడు మూలుగుతూ. మూలుగుతూనే కుడి చేతిలోని పేపర్ వైపు చూశాడు.

నిలువు ఏడు. 'అత్తగారి ఊరి బస్సు ఎక్కమనగానే అల్లుడికి వచ్చేది (4).'

నుదుటి మీది చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది. 'తలనొప్పి' నాలుగక్షరాలేనని లెక్కపెట్టుకోవడానికి కూడా ఆయనకు ధైర్యం చాలలేదు.

"ఏంది గట్లయిపోయిండ్రు? ఏముంది అండ్ల?" అని సంపూర్ణ వంగి చూడబోయింది.

"ఏం లేదు! ఏం లేదు!" అని పేపర్ను నాలుగు మడతలు పెట్టి బనియన్లో దోపుకున్నాడు.

కానీ ఒక్క పేపర్ను దోపుకుంటే ఏం లాభం? బస్టాప్ పక్కన టీ కొట్టు ముందు బాలకృష్ణ అదే పేజీ మోకాలి మీద పరుచుకుని కూర్చున్నాడు. రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అంతోనన్నా! జర చెప్పే. నిలువు ఏడు తలనొప్పే గదా?" అని గట్టిగా అరిచాడు. పక్కనున్న వాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వింది ఆ ఆధారానికి. అంతోనయ్యకు మాత్రం తనను చూసి నవ్వినట్టే అనిపించింది.

"నాకేం తెల్వది," అని మొట్టమొదటిసారిగా ఒక పజిల్ విషయంలో ఆ మాట అని బస్సెక్కేశాడు.

సాయంత్రం ఇంటికి రాగానే ఫోన్ మోగింది. అవతల బూర్గంపాడు నుంచి బావమరిది జయరాజ్. "బావా, తలనొప్పి తగ్గిందా?" అన్నాడు ప్రేమగా. మధ్యాహ్నం అక్కతో మాట్లాడి ఉంటాడని అంతోనయ్యకు తట్టలేదు. పేపర్ బూర్గంపాడు దాకా కూడా వెళుతుందన్న సంగతి మాత్రమే తట్టింది. ఫోన్ పెట్టేసి మంచం మీద కూలబడ్డాడు. ఈసారి నిజంగానే తలనొప్పి వచ్చింది.

రాత్రంతా నిద్రపట్టక అటూ ఇటూ దొర్లి ఒక నిర్ణయానికొచ్చాడు. తన ఇంట్లో జరిగేది పేపర్లో పడుతోందంటే చూసేవాడొకడున్నాడు. చూసే కిటికీ ఒక్కటే. బాలకృష్ణకు పజిళ్ళ పిచ్చి కూడా ఉంది. ఇంకేం కావాలి? గురువారం డ్యూటీ నుంచి వస్తూ మందపాటి ఆకుపచ్చ పరదా గుడ్డ తెచ్చి, వరండాకు ఈ చివర నుంచి ఆ చివరకు తాడు కట్టి వేలాడదీశాడు. ఎదురింట్లోంచి బాలకృష్ణ భార్య దుర్గ, "ఏంది వదినా, ఫంక్షన్ గిట్ల ఉన్నదా?" అని అడిగింది. సంపూర్ణ మొగుడి వైపు చూసింది. మొగుడు పరదా లోపలికి మాయమయ్యాడు.

శుక్రవారం పొద్దున ఆ పరదా చాటున, చీకట్లో, బల్బు వేసుకుని, చెమటలు కక్కుతూ పేపర్ తెరిచాడు. అడ్డం ఒకటి. 'గుట్టు దాచాలని కడితే గాలిని ఆపేది (3).'

"సంపూర్ణా!" అని పెట్టిన కేకకు గోడ మీది బల్లి కింద పడింది.

"ఏమైంది?"

"నిన్న సాయంత్రం కట్టిన! ఇయ్యాల పొద్దుగాల పడ్డది! ఎట్ల పడుతది? ఎట్ల?"

"ఏం పడ్డది? బల్లేనా?" అంది సంపూర్ణ.

ఇక ఆలస్యం చేయకూడదనుకున్నాడు. శనివారం సెలవు పెట్టి, ఎక్కడికో చెప్పకుండా ఖమ్మం బస్సెక్కాడు. దారి పొడవునా ఎవరికీ కనబడకుండా చేతి రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అసలు తను రుమాలు అడ్డం పెట్టుకున్న సంగతి కూడా రేపు పేపర్లో వస్తుందేమోనని కొత్తగూడెం దగ్గర తీసేశాడు.

'మన కిన్నెర' ఆఫీసు ఒక బట్టల దుకాణం పైన ఉంది. పజిళ్ళ పేజీ చూసే కళావతి గారు కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని ఆయన చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు.

"అంటే మీరనేది, మా పేపరోళ్ళు మీ పాల గిన్నె మీద వార్త రాసిన్రని?"

"గిన్నె ఒక్కటే కాదు మేడం. నా తలకాయ. నా పరదా. వాని పేరు చెప్పుండ్రి చాలు. బాలకృష్ణ గదా?"

"మాకు పేరు తెల్వదండి. పోస్టుల పంపిస్తరు. చింతచిగురు అనే ఉంటది. కవరు మీద ఫోన్ నంబరైతే ఉంది. చేసి ఇస్త, మీరే మాట్లాడుకోండి." ఆమె ఒక కవరు చూస్తూ నంబరు నొక్కి, రిసీవర్ ఆయనకందించారు.

అంతోనయ్య గొంతు సవరించుకున్నాడు. దారంతా తయారు చేసుకున్న తిట్లు నాలుక మీదికి తెచ్చుకున్నాడు.

"హలో?" అంది అవతలి గొంతు.

అది సంపూర్ణ గొంతు.

"నువ్వెందుకు ఎత్తినవే? పెట్టేయ్, పెట్టేయ్!" అని ఆయనే ఫోన్ పెట్టేశాడు. "మేడం, రాంగ్ నంబర్ పోయింది. మా ఇంటికి పోయింది. మళ్ళ కొట్టుండ్రి."

కళావతి గారు ఒక్కో అంకె చూసుకుంటూ, మళ్ళీ నొక్కారు.

"హలో? ఎవరండీ?" అంది మళ్ళీ సంపూర్ణ.

 అంతోనయ్య బుర్ర చాలా వేగంగా పనిచేసింది, అయితే తప్పు దారిలో. వాడి నంబరు నొక్కితే తన ఇల్లు పలుకుతోంది. అంటే వాడు కిటికీలోంచి చూడటం లేదు. వాడు తన ఇంట్లోనే ఉన్నాడు!

"సంపూర్ణా! ఇంట్ల ఎవడో దూరిండు! జల్దీ బయటికి ఉరుకు! ఉరుకే!"

అటు నుంచి ఒక కెవ్వుమన్న అరుపు, రిసీవర్ నేల మీద పడ్డ చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత ఏమీ వినబడలేదు.

"మేడం, నేను పోవాలె," అంటూ మెట్లు దిగి పరుగెత్తాడు. కళావతి గారు కళ్ళజోడు పైకి జరుపుకుని, కవరు మీది నంబరు వైపు ఇంకోసారి చూశారు.

ఆ తిరుగు ప్రయాణం అంతోనయ్య జీవితంలో అతి పొడవైనది. బస్సు ప్రతి చోటా ఆగింది. ఆగిన ప్రతి చోటా ఆయన డ్రైవర్ను తిట్టాడు. పెళ్ళాన్ని, పిల్లను కాపాడమని మరియమ్మకు మొక్కుకున్నాడు. బూర్గంపాడుకు ఇక పిలిచిన ప్రతిసారీ వెళ్తానని కూడా మొక్కుకున్నాడు.

పాల్వంచలో దిగి పరుగున వచ్చేసరికి క్వార్టర్ ముందు కాలనీ సగం ఉంది. పరదా తాడు తెగి నేల మీద కుప్పగా పడి ఉంది. సంపూర్ణ, స్తుతి క్షేమంగానే ఉన్నారు. క్షేమంగా లేనివాడు బాలకృష్ణ. గేటు ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. తలకు కట్టు, చెయ్యికి కట్టు, పక్కన తల దించుకున్న దుర్గ.

జరిగిందేమిటంటే, సంపూర్ణ అరుపు వినగానే రాత్రి డ్యూటీ చేసి పడుకున్న బాలకృష్ణ లుంగీతోనే లేచి, దోమతెర కర్ర పట్టుకుని వచ్చి దొంగ కోసం ఇల్లంతా వెతికాడు. ఎవరూ దొరకలేదు. చెబుదామని బయటికి వస్తూ పరదాలో కాలు చిక్కుకుని, తాడుతో సహా దాన్ని మీద వేసుకుని పడ్డాడు. ఆకుపచ్చ గుడ్డ కింద ఏదో గింజుకోవడం చూసి, దొంగ దొరికాడనుకుని, దుర్గ అప్పడాల కర్రతో తన శక్తినంతా చూపించింది.

"'నేనే, నేనే' అంటున్నడన్నా," అంది దుర్గ ఏడుపు ముఖంతో. "దొంగ గూడ గదే అంటడు గదా అనుకున్న."

ఏ మనిషినైతే వారం రోజులుగా అనుమానిస్తున్నాడో ఆ మనిషే తన ఇంటి కోసం తల పగలగొట్టుకున్నాడని అంతోనయ్యకు అర్థమైంది. దాంతో గుంపు మధ్యకు వచ్చి అందరికీ వినబడేలా, "బాలకృష్ణ కాదు! ఆ పజిల్ రాసేటోడు నా ఇంట్లనే ఉన్నడు! ఖమ్మంల నేను సొంతంగ తెలుసుకున్న! నా ఇంట్లనే ఉన్నడు!" అని అరిచాడు.

"ఉన్నడు గాదు," అంది సంపూర్ణ కొంగు సర్దుకుంటూ. "ఉన్నది."

అంతోనయ్య ఆమె వైపు తిరిగాడు.

"నువ్వా?"

"అవ్, నేనే."

"చింతచిగురు నువ్వా? ఎందుకే?"

"ఏం జేయాలె మరి? పదిహేడేళ్ళ సంసారం. పాలు పొంగుతున్నయ్ అంటే వినరు. మా అమ్మోళ్ళింటికి పోదామంటే వినరు. మీరు మనసు పెట్టి చదివేది గా గళ్ళొక్కటే. అందుకే గండ్ల రాసిన."

ఆడవాళ్ళలో ఎవరో "బాగ చేసినవ్ వదినా" అన్నారు. అంతోనయ్యకు కోపం రావలసిన చోట సిగ్గు వచ్చింది. పెన్సిల్ పట్టుకుని తను కూర్చునే కుర్చీ పక్కన, తడి చేతులతో నిలబడి ఏదో చెప్పబోయి ఊరుకున్న సంపూర్ణ ఎన్నిసార్లు కనబడిందో గుర్తుకొచ్చింది. కానీ ఆయన లోపలి పజిళ్ళ మనిషి మాత్రం ఊరుకోలేదు.

"సరే. కానీ గిది జెప్పు. పాలు మాడిన పొద్దుగాలనే పేపర్ల పడ్డది. పరదా కట్టిన తెల్లారే పడ్డది. గంత జల్దీ ఎట్ల పంపినవ్?"

"జల్దీ ఏందయ్యా? అవి పంపి మూడు నెలలైంది. వాళ్ళు ఇప్పుడేసిండ్రు."

"మూడు నెలలా? మరి పాలు?"

"అప్పుడు గూడ మాడినయ్."

"పరదా?"

"అప్పుడు గూడ కట్టిండ్రు. బాలకృష్ణన్న మన కొత్త టీవీ చూస్తుండని. వానకు కుళ్ళితే నేనే తీసి పారేసిన. మీరే మర్చిపోయిండ్రు."

మంచం మీది బాలకృష్ణ కట్టు కట్టిన చెయ్యి కూడా మరిచిపోయి పొట్ట పట్టుకుని నవ్వాడు. గుంపంతా నవ్వింది. అంతోనయ్య వెళ్ళి ఆయన మంచం పట్టె మీద కూర్చుని, "తమ్మీ, తప్పయింది," అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి, తన జీవితంలో ఎవరూ ముందుగా ఊహించలేని పని ఒకటైనా చేయాలని నిశ్చయించుకుని, "సంపూర్ణా, రేపు బూర్గంపాడు పోదాం. నేనొస్త," అన్నాడు.

సంపూర్ణ ముఖంలో ఆశ్చర్యం కోసం చూశాడు. అది కనబడలేదు.

"అది గూడ పంపిన," అంది ఆమె నెమ్మదిగా. "రేపు పడుతది. 'దొరికిపోయినాక అల్లుడు ఎక్కేది, రెండక్షరాలు.' బస్సు."

అంతోనయ్య అడిగాడు. "ఇంకా ఎన్ని పంపినవే?"

"క్రిస్మస్ దాకా సరిపోను."

అంటే క్రిస్మస్ దాకా అంతోనయ్య ఏమేం చేయబోతున్నాడో అప్పటికే అచ్చుకు వెళ్ళిపోయిందన్న మాట.