పదకొండు రోజులుగా కనిపించని దొర

మే నెల పద్నాలుగో తారీఖు పొద్దున్న అప్పలకొండ పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం రెండింటికల్లా బూరెలు వండి ఉంచాలి. ఆమె భర్త గోవిందరావు బిలాస్‌పూర్‌లో గూడ్సు గార్డు. కట్నీ లైనులో వెళ్లిన బండితో ఆయన ఆ రోజు తిరిగి వచ్చేస్తే, అదే ఆఖరి గూడ్సు ట్రిప్పు. ఆ తరవాత పాసింజరు గార్డు. ఆర్డరు సంతకానికి వెళ్లిందనీ, ఈ నాలుగు రోజులూ రికార్డులో చిన్న మచ్చ కూడా పడకుండా చూసుకోమనీ ఆఫీసులో గుమాస్తా మరీ మరీ చెప్పాడు.

పాసింజరు గార్డంటే హోదా అని గోవిందరావు సంతోషం. అప్పలకొండకు హోదాతో పని లేదు. గూడ్సు బండికి బయల్దేరే వేళ ఉంటుంది గానీ తిరిగొచ్చే వేళ ఉండదు. పందొమ్మిదేళ్లుగా ఆమె అన్నం మీద మూత పెట్టి వీధిలోకి చూస్తూనే ఉంది. బండిని ఏ లూపు లైనులో తోసేశారో, బండి చివర గార్డుండే బ్రేక్ వ్యాను మెట్టు మీద కాలు జారిందేమో, చీకట్లో ఏ పురుగు ముట్టిందో అని వరసగా అన్నీ అనుకునేది. అన్నీ అయిపోయాక మళ్లీ మొదటినుంచి అనుకునేది. పాసింజరుకైతే టైముంటుంది. మనిషి ఫలానా వేళకి గుమ్మంలో ఉంటాడు. ఆ ఒక్క సుఖం కోసం ఆమె మొక్కని దేవుడు లేడు.

శనగపప్పు ఉడుకుతుండగా కూతురు స్వాతి వంటింటి గుమ్మంలో కూర్చుని కాగితాలు రాసుకుంటోంది. స్వాతి ఎమ్మే చదువుతోంది. ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్రాడెవరో కాలేజీలో చరిత్ర చెప్పే మాస్టారికి ఒక కట్ట జెరాక్సు కాగితాలిచ్చి ఊళ్లు చూడ్డానికి వెళ్లాడట. నూరేళ్ల కిందట విన్‌స్లేడ్ అనే దొర ఇప్పుడు కట్నీ లైనులో ఉన్న కోటా అవతల, కొండలు దాటే దారి వెతుకుతూ తిరిగాడు. అతని భార్య హారియట్ బిలాస్‌పూర్‌లో గుడారంలో ఉండి రోజూ చెల్లెలికి ఉత్తరాలు రాసేది. ఆ దొర రాతలూ, ఆవిడ ఉత్తరాలూ ఇంగ్లండులో ఏదో పెద్ద లైబ్రరీలో దాచారు. ఆవిడ గొలుసుకట్టు రాతను విడదీసి శుభ్రంగా తిరగరాసే పని మాస్టారు స్వాతికిచ్చాడు. వారం రోజులుగా స్వాతి ఒక్కో ఉత్తరమూ తల్లికి తెలుగులో చెబుతూ రాస్తోంది.

ఆ పొద్దున చదివిన ఉత్తరం తారీఖు మే పద్నాలుగు. దొర నాలుగు రోజుల్లో వస్తానని నాలుగు రోజుల బియ్యం పట్టుకుని వెళ్లాడు. పదకొండు రోజులైంది. నిన్న అతని గుర్రం ఒంటరిగా తిరిగొచ్చింది. వంటవాడు బతిమాలుతున్నా తనకు ముద్ద దిగడం లేదనీ, ఆకు కదిలినా గుడారం బయటికి వెళ్లి చూస్తున్నాననీ ఆవిడ రాసింది. అక్కడితో కాగితం అయిపోయింది.

అప్పలకొండ గరిటె ఆపేసింది. "తరవాతేటయినాది?"

"పతా నహీఁ అమ్మా. మిగిలినవి సర్ దగ్గరున్నాయి. శామ్ కో తెస్తాను."

"సాయంత్రం దాకా నానెలాగుండాల?"

"వాళ్లు పోయి వందేళ్లయింది కదమ్మా. నువ్వెందుకు టెన్షన్ తీసుకుంటావ్?" అని స్వాతి కాగితాలు సంచిలో పెట్టుకుని సైకిలెక్కి వెళ్లిపోయింది.

పోయారని అప్పలకొండకూ తెలుసు. నాలుగో క్లాసు చదివినా ఆ మాత్రం లెక్క వచ్చు. కానీ నూరేళ్లయినంత మాత్రాన ఆ రోజు ఆ ఆడమనిషి అన్నం తినలేదన్నది అబద్ధమైపోతుందా? వీధిలోకి చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది.

పక్క క్వార్టరులో ఉండే అమ్మన్న పది గంటల డ్యూటీకి బయల్దేరుతూ ఆమెను కంచె దగ్గర చూశాడు. అతను కేబిన్‌మాన్. బళ్లకు లైనిచ్చే కేబిన్ ఆ క్వార్టర్ల వెనకే ఉంది. గోవిందరావును అన్నగా చూసుకునే మనిషి, ఆమె వాలకం చూసి ఆగాడు.

"ఏటి వదినా, మొగం అలాగున్నాది?"

"ఏటి సెప్పమన్నావు అమ్మన్నా. కోటా అవతల అడివిలో పదకొండ్రోజులై దొర కనపడ్డం లేదు. నాలుగు రోజుల బియ్యంతో ఎల్లినాడు. ఇక్కడ దొరసాని మంచినీళ్లు కూడా ముట్టడం లేదు."

"నీకెలాగ తెలిసినాది?"

"ఆవిడ రాసిన ఉత్తరం మన స్వాతి కాడ ఉన్నాది. ఇయ్యాల్టి తారీఖే."

ఇంతలో పప్పు మాడిన వాసన వచ్చి ఆమె లోపలికి పరుగెత్తింది. అమ్మన్న బరువెక్కిన మనసుతో డ్యూటీకి వెళ్లాడు.

కేబిన్‌లో ఫోనుంటుంది. ఆ ఫోనులో ఒక మాట అంటే ఆ సెక్షనులో ఉన్న స్టేషన్లన్నీ ఒకేసారి వింటాయి. అమ్మన్న చెప్పింది రెండు ముక్కలే. కోటా దాటాక అడవిలో ఒక ఫారిన్ సాబ్ పదకొండు రోజులుగా తప్పిపోయాడు, ఆయన భార్య బిలాస్‌పూర్‌లో ఏడుస్తోంది. నిజమేనా అని అవతలి నుంచి అడిగారు. రైల్వేలో ముఖ్యమైన మాటకు నమ్మకం కోసం ఒక ప్రైవేట్ నంబరు ఇస్తారు. అది ఇచ్చాక ఆ మాటను ఎవరూ అనుమానించరు. అమ్మన్న తన దగ్గరుండే నంబర్ల చీటీ చూసి నంబరిచ్చేశాడు. అవతల పుస్తకంలో తారీఖు, గంట, నిమిషం అన్నీ వేసి రాసుకున్నారు.

కాసేపటికి మనిషి గుర్తులు కావాలని ఫోనొచ్చింది. అమ్మన్న భార్య చిన్నమ్మి అప్పుడే క్యారేజీ తెచ్చింది. వదిన్ని అడిగి రమ్మని ఆమెను తోలాడు. అప్పలకొండకు ప్రాణం లేచొచ్చింది. కాలనీలో తనలాగే ఆ దొర కోసం బాధపడే మనుషులు ఇంకా ఉన్నారన్న మాట. వారం రోజులుగా విన్నదంతా పూస గుచ్చినట్టు చెప్పింది. ఆరడుగుల మనిషి, ఎర్ర గడ్డం, ఎడం కాలు కాస్త ఈడుస్తాడు. గుర్రం మాత్రం ఖాళీగా వచ్చేసింది. గుర్రం సంగతి విని అవతలి ఆఫీసులో ఒకరిద్దరు నొసలు చిట్లించారు గానీ, దొరలకు ఏ పిచ్చయినా ఉండొచ్చునని సరిపెట్టుకున్నారు.

పన్నెండయ్యేసరికి ఆ లైనులో వెళ్లే ప్రతి బండినీ నెమ్మదిగా, కూతలు వేస్తూ, రెండు పక్కలా చూస్తూ నడపమన్నారు. పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్లు పని వదిలి, డప్పు కొట్టుకుంటూ అడవిలోకి దిగారు.

ఒంటిగంటకు అప్పలకొండ గుమ్మంలో చిన్నమ్మి నిలబడింది. చేతిలో బార్లీ నీళ్ల చెంబు. వెనక ఆ వరసలోని ఆడవాళ్లు నలుగురు, ఒకరి చేతిలో మజ్జిగ, ఒకరి చేతిలో గ్లూకోజు పొట్లం. పాపం పరాయి దేశం మనిషి, ఒక్కర్తే ఉండకూడదని అందరూ కూడబలుక్కుని వచ్చారు.

"దొరసాని ఏదక్కా?" అంది చిన్నమ్మి గొంతు తగ్గించి.

"స్వాతి సంచిలో ఉన్నాది."

చిన్నమ్మి చెంబు కింద పెట్టింది. అప్పలకొండ ఒక్కొక్కరి ముఖమూ చూసి, ఆవిడ పోయి నూరేళ్లు దాటిందని మెల్లగా చెప్పింది. అప్పుడు చిన్నమ్మి నోట ఒక్కొక్కటే బయటికొచ్చింది. ఫోను, గ్యాంగ్‌మన్లు, కూతలు. బావగారి గూడ్సును అడవి మధ్య చిన్న స్టేషన్లో గంటగా ఆపేశారనీ, గార్డుగారు కూడా దొరను వెతకడానికి వెళ్లారనీ చెప్పింది.

ఆ అడవిలో ఎలుగుబంట్లున్నాయి. మే నెల ఎండ. అవి తప్పించుకున్నా, ఆగిన ప్రతి నిమిషానికీ గార్డు తన పుస్తకంలో కారణం రాయాలి. నూరేళ్ల కిందటి మనిషిని వెతికామని రాస్తే పాసింజరు ఆర్డరు ఇచ్చేదెవరు? అది పుట్టించింది సొంత పెళ్లామే అని తేలితే? ఎండ దెబ్బ తగలకుండా కొంగున ఉల్లిపాయ ముడేసుకుని, గొడుగు కూడా మరిచిపోయి అప్పలకొండ కేబిన్ మెట్లెక్కింది.

సంగతి విన్న అమ్మన్న లీవరు పట్టుకుని నిలబడిపోయాడు. తన ఉద్యోగం కూడా కళ్ల ముందు కనిపించింది. పుస్తకం తీసి చూపించాడు. తారీఖు సరిగ్గా ఉంది, గంటా నిమిషమూ ఉన్నాయి, నంబరుంది.

"ఏ సంవత్సరమో రాయడానికి ఇందులో గడే లేదు వదినా," అన్నాడు దీనంగా.

కాసేపు ఆలోచించి అతనే ఒక దారి చెప్పాడు. నంబరిచ్చిన మాటను ఉత్తినే వెనక్కి తీసుకోలేరు. దొర క్షేమంగా ఇంటికొచ్చేశాడని ఇంకో మాట చెప్పి, దానికీ ఒక నంబరిచ్చేస్తే బళ్లు కదులుతాయి. గోవిందరావుకు మచ్చ రాదు. అప్పలకొండ సరేననబోయి ఆగిపోయింది.

"వచ్చినాడో లేదో నాకు తెలిస్తే కదా."

"ఇప్పుడదేటి వదినా? ఎవులికి కావాల?"

"తెలీకుండా వచ్చీసినాడని సెప్పీమంటావేటి? ఒకేళ రాలేదనుకో. ఆవిడ అక్కడే కూకుని ఉన్నాది కదా."

అమ్మన్న తల పట్టుకున్నాడు. మొగుడి పాసింజరూ, తన కేబిన్ ఉద్యోగమూ ఒక పక్కన ఉంటే, ఈవిడ నూరేళ్ల కిందట పోయిన మనిషి దగ్గర మాట పడకుండా చూసుకుంటోంది. వాళ్లింకా తేల్చుకోకముందే ఫోను మోగింది. అమ్మన్న అందుకుని, విని, "ఏ దొర?" అన్నాడు. మళ్లీ విన్నాడు. ఫోను పెట్టేసి ఆమె వైపు తిరిగాడు.

"దొర దొరికినాడట వదినా. పేరడిగితే విన్‌స్లేడ్ అన్నాడట. ఆరడుగులు. ఎర్ర గడ్డం. గుర్రం మట్టుకు లేదట."

అప్పలకొండ చేతులు జోడించబోయి, భయం వేసి మానుకుంది.

అయిదింటికి గోవిందరావు బండి వచ్చింది. బ్రేక్ వ్యాను లోంచి, తడి తువ్వాలు నెత్తిన చుట్టుకుని, దుమ్ము కొట్టుకుపోయిన ఎర్ర గడ్డం కుర్రాడు దిగాడు. మాస్టారికి ఆ కాగితాలిచ్చి వెళ్లింది ఇతనే, దొరగారి మునిమనవడు. ముత్తాత దారి తప్పిన చోటు చూద్దామని, ముత్తాత గీసిన పటమే పట్టుకుని రెండు రోజుల కిందట ఒంటరిగా అడవిలోకి వెళ్లాడు. నేను తప్పిపోలేదని అతను నోరు తెరిచినప్పుడల్లా గ్యాంగ్‌మన్లు అందులో గ్లూకోజు పోశారు. నడుస్తానన్నా వినక ఆరుగురు మోసుకొచ్చారు. అయితే కోటా ఎటు అని గోవిందరావు అడిగితే కుర్రాడు సరిగ్గా వ్యతిరేక దిక్కు చూపించాడు. సీసాలో నీళ్లు ముందురోజే అయిపోయాయి. రైల్వే డాక్టరు నాడి చూసి, ఇంకో మధ్యాహ్నం ఆ ఎండలో ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు.

ఆఫీసు నుంచి పెద్ద సారొచ్చాడు. ఊళ్లో ఎవరికీ తెలియని సంగతి ముందుగా కనిపెట్టిందెవరని అడిగాడు. అమ్మన్న వేలు అప్పలకొండను చూపించింది. గోవిందరావు ఆమెను చూసి గతుక్కుమన్నాడు. అప్పుడే స్వాతి సైకిలు పక్కన పడేసి పరుగెత్తుకొచ్చి, తల్లి పక్కన ఊపిరి బిగపట్టుకుని నిలబడింది. నీకెలా తెలిసిందమ్మా అని సారు హిందీలో అడిగాడు. అప్పలకొండకు అబద్ధం ఆడడం చేతకాదు.

"ఉన్‌కీ పత్నీ కా చిట్ఠీ ఆయా థా సాబ్," అంది. ఆయన భార్య ఉత్తరం వచ్చిందని.

తనకు పెళ్లే కాలేదని ఆ కుర్రాడు ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. అంత మంచి ఇల్లాలిని బెంగపెట్టి అడవులు తిరగడం బాగోలేదని సారు అతన్ని ఇంగ్లీషులో మందలించాడు. బండి ఆగిన రెండు గంటల యాభై నిమిషాలకూ గార్డు పుస్తకంలో మనిషి ప్రాణం కాపాడినందుకని రాయించి, తనే సంతకం పెట్టాడు.

అందరూ కదులుతుంటే అప్పలకొండ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అతన్నడుగు. ఆ దొర ఇల్లు చేరినాడా?"

కుర్రాడు మొదట అర్థంకాక, అర్థమయ్యాక నవ్వాడు. చేరాడట. పదమూడో రోజున చెప్పుల్లేకుండా, బతికే వచ్చాడు. అయితే అప్పటికి గుడారంలో హారియట్ లేదు. ఎదురుచూడలేక ఇద్దరు కూలీలను తీసుకుని అతన్ని వెతకడానికి వెళ్లిపోయింది. ఆవిడను కనిపెట్టడానికి దొరకు మరో తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో అతను వెతుకుతున్న దారేదో ఆవిడే కనిపెట్టేసింది. దాని పటం కూడా ఆ కాగితాల్లోనే ఉంది. ఈయన ఆ పటం పట్టుకుని వెళ్లుంటే గ్లూకోజు తాగే పని ఉండేది కాదని స్వాతి తెలుగులో అంది గానీ, అతనికి చెప్పలేదు.

"ఇద్దరూ ఇల్లు చేరినారు కదా," అంది అప్పలకొండ. "అంతే చాలు." అప్పుడు గాని మొగుడి ముఖం వైపు తిన్నగా చూడలేదు. ఎండకు నల్లబడ్డాడు గాని, మనిషి నిక్షేపంగా ఉన్నాడు.

నాలుగో నాడు ఆర్డరొచ్చింది. గోవిందరావు తెచ్చే పాసింజరు సాయంత్రం ఆరు గంటలకు బిలాస్‌పూర్ చేరుతుంది. డ్యూటీ దిగి, ఆరూ నలభైకి ఇంటి గుమ్మంలో ఉంటాడు.

గూడ్సు రోజుల్లో అప్పలకొండ భయానికి వేళంటూ ఉండేది కాదు. ఇప్పుడు సరిగ్గా ఆరూ నలభై ఒకటికి మొదలవుతోంది.