జ్ఞాపకభవనానికి అడ్డొచ్చిన ఇల్లు

టానర్స్ బాటమ్ పేట పునర్నిర్మాణ ప్రజాసంఘం, ఆ పేటలో కూలిపోయిన నాలుగు వందల పన్నెండు ఇళ్ల స్మృత్యర్థం ఒక జ్ఞాపకభవనం నిర్మించ సంకల్పించి, అందుకుగాను కూలకుండా మిగిలిన ఒకే ఒక్క ఇంటిని కూల్చవలసిందని సవినయంగా ప్రతిపాదించింది. ఆ ఇల్లు సంఘాధ్యక్షురాలు వెర్డెల్ పెటిఫోర్డ్ గారిది.

ఇందులో దురుద్దేశమేమీ లేదు. అరవై ఏళ్ల క్రితం నగరపాలకులు ఈ నల్లవారి పేటను మురికివాడగా తేల్చి, అభివృద్ధి పేరిట నేలమట్టం చేసి, మీదుగా హైవే వేశారు. అది వెర్డెల్ వంటింటి కిటికీకి పదడుగుల దూరంలో మలుపు తిరిగింది. ఇంజనీరు దయ అని కొందరూ, గీత గీస్తుంటే స్కేలు జారిందని కొందరూ అంటారు. పని సాగినన్నాళ్లూ వెర్డెల్ తల్లి వరండాలో కూర్చుని, ఆ దుమ్ములోనే చిక్కుళ్లు వలిచింది. ఇప్పుడు హైవేను పెకలించి, ఆ నేలను నగరం ఒక క్షమాపణ పత్రంతో సహా ప్రజలకే అప్పగించింది. ఈసారి సర్వాధికారాలూ ప్రజలవే.

ఆ ప్రజలు, అంటే సంఘ సభ్యులు, పదకొండు మంది; అప్పట్లో ఇక్కడ ఇళ్లు పోగొట్టుకున్నవారు, వారి పిల్లలు. ప్రతి నెలా మొదటి మంగళవారం శివారు కాలనీల నుంచి నలభై నిమిషాలు కారు నడుపుకొని వస్తారు. పేటలో కుర్చీలున్న చోటు మరొకటి లేదు కనుక వెర్డెల్ ముందుగదిలోనే సమావేశమై, పేటను తలచుకుని కంటతడి పెట్టి, ఆమె వేయించిన చేపలు తిని, పొద్దుండగానే వెళ్లిపోతారు. చీకటి పడితే ఈ ప్రాంతం అంత మంచిది కాదని వారి అభిప్రాయం.

ఆ మంగళవారం చర్చి పెద్ద, డీకన్ ఆర్లాండస్ క్రెన్షా గొంతు సవరించుకున్నారు.

"వెర్డెల్ అక్కా, అప్పుడు మనల్ని అడక్కుండానే కూల్చేశారు. ఇప్పుడు చూడు, నీ ఇంట్లోనే కూర్చుని, నీ మొహం చూసి అడుగుతున్నాం. మన పోరాటం ఎంత దూరం వచ్చిందో ఆలోచించు."

"చాలా దూరమే వచ్చింది డీకన్. ఇంకో చేప ముక్క వేసుకో."

స్థలాల వ్యాపారం చేసే లవాన్ టిబ్స్ అందుకుంది. "బుల్‌డోజరు కూడా మనవాళ్లదే పెద్దమ్మా. నీ వరండా స్తంభం ఒకటి అద్దాల పెట్టెలో పెట్టి, కింద నీ పేరు రాయిస్తాం."

"బతికుండగానే?"

"లైటు కూడా వేయిస్తాం."

వెర్డెల్ చర్చి సమావేశాలకు ముప్పై ఎనిమిదేళ్లు కార్యదర్శిగా పనిచేసిన మనిషి. ఇప్పుడూ పద్ధతి తప్పలేదు. ప్రతిపాదనను స్వీకరించి, బలపరచినవారి పేరు రాసుకుని, సంఘ నిబంధనావళి తెరిచి నాలుగో నిబంధన చదివారు: "పేట భవిష్యత్తుపై పేటలో నివసించువారు మాత్రమే ఓటు వేయవలెను. బయటివారి పెత్తనం ఇకపై చెల్లదు."

"ఇక్కడ ఎవరెవరు ఉంటున్నారో చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"నా మనసంతా ఇక్కడే ఉంటుందక్కా," అన్నారు డీకన్.

"మనసుకి ఓటు లేదు. ఈ ముక్క పట్టుబట్టి రాయించింది నువ్వే."

అనుకూలం సున్న, వ్యతిరేకం సున్న. సభ నడిపే అధ్యక్షురాలు మామూలుగా ఓటు వేయరు; ఓట్లు సమానమైనందున నిర్ణయాధికారం ఆమెదైంది.

"నీ ఇంటి సంగతి నువ్వే తేల్చుకుంటే పక్షపాతం కాదూ?" అంది లవాన్.

"నిజమేనమ్మా. అప్పట్లో పేటను కూల్చాలని ఓటేసిన నగరపాలకులెవరికీ ఇక్కడ ఇల్లు లేదు. అందుకే ఏ పక్షపాతమూ లేకుండా తేల్చేశారు."

ప్రతిపాదన వీగిపోయినట్లు నమోదైంది.

సభ్యులు అధైర్యపడలేదు. కూల్చాలంటే ఓటు కావాలి, ఓటు కావాలంటే ఇక్కడ ఉండాలి, ఉండాలంటే ఇల్లు కట్టాలి. జ్ఞాపకభవనం నక్షాను చుట్టి అటకెక్కించి తమ ఇళ్లకు పునాదులు తవ్వారు. నాలుగు వందల పన్నెండు ఇళ్ల మీది దుఃఖం అరవై ఏళ్లలో ఒక్క గోడను లేపలేకపోయింది. నిలిచివున్న ఒక్క ఇంటి మీది పంతం ఏడాదిలో ఆరిళ్లను లేపింది.

మొదట గృహప్రవేశం చేసిన డీకన్, నక్షా ప్రకారం భవనం కార్లు నిలిపే స్థలం తన కొత్త వరండా మీదికే వస్తుందని తెలిసి, నిండు సభలో వ్యతిరేకంగా చెయ్యెత్తారు. ఇల్లు పూర్తయిన ప్రతివారికీ అదే జ్ఞానోదయం కలుగుతోంది. ఇంకా ఇల్లు లేనివారు మాత్రం కూల్చివేత ఆశయానికి కట్టుబడి, ఇటుకలు దింపించుకుంటున్నారు.

వారి ఉత్సాహం ఎక్కడ చల్లబడుతుందోనని, ప్రతి నెలా సమావేశపు అంశాల్లో తన ఇంటి కూల్చివేతను వెర్డెల్ స్వయంగా, మొదటి అంశంగా రాస్తున్నారు.